కొత్త అద్దానికీ మసకే

ఆ వీధిలో ఎవరి కారు మొరాయించినా మెకానిక్ సంగతి తర్వాత, ముందు వెళ్ళి చిట్కాలాయన తలుపు తట్టేవాళ్ళు. బ్యాటరీ మొనల మీద తెల్లగా బూజులాంటిది పేరుకుంటే ఆయన కాస్త కూల్‌డ్రింక్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పంపేవాడు. రేడియేటర్ సన్నగా కారుతుంటే కోడిగుడ్డు తెల్లసొన వేసి, షెడ్డుదాకా వెళ్ళడానికి ఇది చాలు, ఆ తర్వాత నన్నడక్కు అనేవాడు. పెట్రోలు ట్యాంకు చెమర్చితే బట్టల సబ్బు మెదిపి అతికించేవాడు. తలుపు రబ్బర్లకి తలనూనె, తాళం బిగుసుకుంటే పెన్సిలు పొడి, అద్దం మీద సన్నటి చీలిక పడితే గోళ్ళరంగు. ఒకసారి ఎదురింటి బ్యాంకు గుమాస్తా టైరు మార్చుకుంటూ నట్లన్నీ మురిక్కాలవలో పోగొట్టుకుని తెల్లమొహం వేసుకుని నిలబడితే, మిగతా మూడు చక్రాల నుంచి తలా ఒక నట్టూ ఊడదీసి నాలుగోదానికి బిగించి, ఇక మెల్లగా పోనియ్యి అన్నాడు. ఆ ముచ్చట గుమాస్తా ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతాడు.

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. అక్కడ విడిభాగాలు ఏనాడూ సమయానికి వచ్చేవి కావు, బస్సు మాత్రం తెల్లారేసరికి రోడ్డెక్కాలి. చేతికి ఏది దొరికితే దాంతో పని గడిపేయడం అక్కడే అబ్బింది. రిటైరయ్యాక ఆ విద్యంతా పెళ్ళినాటి నుంచీ ఉన్న తన పాత కారు మీదికి మళ్ళింది.

ఆయన భార్యది కర్టెన్ల పని. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, గోడవారగా గుడ్డల తానులు, మూలన ఇత్తడి రాడ్లు. వీధిలో అందరికీ ఆవిడ కర్టెన్లమ్మే. ఎవరైనా కబురు పెడితే ఇద్దరూ కారులో వెళ్ళేవాళ్ళు. ఆవిడ టేపు పట్టుకుని కిటికీలు కొలిచేది, వారం తర్వాత ఆయన గోడకి రంధ్రాలు వేసి రాడ్లు బిగించేవాడు. అరవై దాటినా ఆవిడ చేతిలో కత్తెర ఎక్కడా వంకర పోయేది కాదు. నోరు కూడా ఆగేది కాదు.

ఆ నోటి గురించి కాస్త చెప్పాలి. మాట్లాడ్డమంటే ఆవిడకి ఊపిరి తీసుకున్నంత. పెళ్ళయిన కొత్తలో కారెక్కగానే మొదలుపెట్టేది. కాస్త నోటికి తాళం వెయ్యవే, ఇంజను చప్పుడు వినబడి చావట్లేదు అని ఆయన కసిరేవాడు. బండికి ఏ జబ్బు చేసినా చెవితోనే కనిపెట్టే మనిషి మరి. అలా కసిరించుకుని కసిరించుకుని, కారులో ఉన్నంతసేపూ కిటికీలోంచి చూస్తూ పెదవి కదపకుండా కూర్చోవడం ఆవిడకి అలవాటైపోయింది. ముప్ఫై ఏడేళ్ళు అలాగే గడిచాయి.

ఏడాదిన్నర కిందట ఏమైందో ఏమో, ఒకరోజు ఆయనే అన్నాడు, ఏమిటలా మూతి ముడుచుకుని కూర్చున్నావు, ఏదన్నా చెప్పు అని. ఆవిడ తన చెవుల్ని తను నమ్మలేదు. ఏం చెప్పమంటారు అంది. దారిలో కనబడేవే చెప్పు, ఊరికే తోలుకుంటూ పోతే కునుకొస్తోంది అన్నాడు. ఇక చూడాలి. అదిగో ఆ కూరలమ్మి తోపుడుబండి రోడ్డు మధ్యకి తెచ్చేసింది చూశారా, ఆ స్కూటరు కుర్రాడు చూడండి చెయ్యి చూపించకుండా ఎలా తిరిగాడో, కుక్క అడ్డం పడుకుంది, పాపం దానికి కాలు విరిగినట్టుంది. కట్టలు తెంచుకున్నట్టు మాటలు. ఆయన ఊఁ కొట్టేవాడు, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేసేవాడు. కుక్క ఏ పక్క పడుకుంది అని కూడా అడిగేవాడు.

ఆవిడ చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పుకుంది, మీ బావగారు మెత్తబడ్డారే అని. చెల్లెలు నవ్వి, ఇన్నాళ్ళకి నీ మాటకి గిరాకీ వచ్చిందన్నమాట అంది. ఆవిడకి నవ్వులాటగా అనిపించలేదు. పనికి బయల్దేరేముందు మొహానికి పౌడరు అద్దుకోవడం మళ్ళీ మొదలుపెట్టింది. చెప్పడానికి బాగుంటాయని, విన్న సంగతులు దాచిపెట్టుకునేది కూడా.

ఆ రోజుల్లోనే ఆయన కారు అద్దాల మీద పడ్డాడు. ముందు హెడ్‌లైట్లు మసకబారాయన్నాడు. టూత్‌పేస్టు పట్టించి తళతళలాడేలా తోమాడు. తర్వాత ముందద్దం. వెనిగర్ కలిపిన నీళ్ళు చల్లి పాత పేపరుతో తుడిచాడు, లోపలివైపు గడ్డం సబ్బు నురగ రాసి తుడిచాడు, వానాకాలం వచ్చాక బంగాళదుంప కోసి ఆ ముక్కతో రుద్దాడు. వైపర్ రబ్బర్లని గరుకు కాగితంతో సాపుచేశాడు. ఒకరోజు పొద్దున్నే సన్నగా జల్లించిన బూడిదతో తోముతుంటే ఆవిడ, కాఫీ గ్లాసులు కూడా తెచ్చివ్వనా, ఓ చేత్తో అయిపోతాయి అని ఎకసెక్కమాడింది. ఆయన నవ్వలేదు. ఎంత తుడిచినా పొగ పట్టినట్టే ఉంటోంది అన్నాడు.

చివరికి ఆయన చేసిన పనికి వీధి వీధంతా విస్తుపోయింది. ఇంట్లో బాగుపడేదాన్ని బజారులో కొనని మనిషి అద్దాల షాపుకి వెళ్ళి ముందద్దం కొత్తది వేయించుకున్నాడు. వేయించుకున్న రెండోరోజే ఇదీ మసకే అన్నాడు. ఆ అద్దాలవాడు పాతదాన్నే తుడిచి బిగించి మోసం చేశాడని రుసరుసలాడాడు. పద, నువ్వైతే నాలుగు అడుగుతావు అని గురువారం పొద్దున పదిన్నరకి ఆవిణ్ణి ఎక్కించుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఆవిడ ఎప్పట్లాగే చెబుతూనే ఉంది.

షాపు ముందు ఆపి, నువ్వు మాట్లాడుతుండు, పక్కన టీ తాగొస్తాను అని ఆయన వెళ్ళాడు. ఆవిడ నడుం బిగించి లోపలికి వెళ్ళింది. అద్దాలాయన నలభై ఏళ్ళ నిదానమైన మనిషి, చేతుల నిండా పాత గాట్ల మచ్చలు. ఆవిడ అన్న నాలుగు మాటలూ తల వంచుకుని విన్నాడు. బిల్లు చూపించలేదు, వాదించలేదు. రండమ్మా అని కారు దగ్గరికి తీసుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. ఎదురుగా రంగుల దుకాణం బోర్డు ఉంది, చదవమన్నాడు. ఆవిడ చదివింది. దుకాణం పేరు, దాని కింద ఫోను నంబరు, అట్టడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఆదివారం సెలవు అన్నది కూడా. చదువుతుండగానే ఆవిడకి తెలిసిపోయింది, అద్దంలో ఏ మసకా లేదు. కిటికీలతో బతికే మనిషి, అద్దం శుభ్రం సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

అద్దాలాయన తలుపు పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఆరోజు మీరు గుడ్డల కొట్టుకి వెళ్ళాక, పాత అద్దం తీసేసి, కొత్తది ఇంకా పెట్టకముందు ఆయన వచ్చి ఈ సీట్లోనే కూర్చున్నాడమ్మా. ముందుకి చూసి, ఇంకా మసగ్గానే ఉందయ్యా అన్నాడు. అప్పుడిక్కడ అద్దమే లేదు.”

ఆవిడకి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఏమన్నావు అంది. అద్దాలాయన మళ్ళీ చెప్పాడు. ఉత్త చట్రంలోంచి గాలి మొహానికి కొడుతున్నా ఆయన మసక అన్నాడట. వేళాకోళమేమో అనుకుని తను నవ్వాడట, ఆయన నవ్వలేదట. ఆరోజూ చూశాను, మీరు పక్కనుండి దారి చెప్పి తోలిస్తున్నారు కదా, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను, ఆరోజే అడగాల్సింది, తప్పు నాదే అన్నాడు.

దారి చెప్పి తోలిస్తున్నారు కదా. ఆవిడ వీపు మీద ఎవరో చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది. అయినా ఊరుకోలేదు, ఒళ్ళు మండిపోయి, ఆయన కళ్ళకేం దివ్యంగా ఉన్నాయి, రోజూ పేపరు చదువుతారు అంది. అన్నాక గుర్తొచ్చింది, కళ్ళజోడు విరిగిందని ఎనిమిది నెలల నుంచి పేపరు తనే చదివి వినిపిస్తోంది. విరిగిన కళ్ళజోడు బాగుచేయించమని తను చెప్పడం, చూద్దాంలే అని ఆయన దాటవేయడం.

అప్పుడే ఆయన టీ కొట్టు నుంచి వస్తున్నాడు. ఆవిడ చూసింది. కుడిచేతి వేళ్ళు గోడని తాకీ తాకనట్టు రాసుకుంటూ నడుస్తున్నాడు. గోడ అయిపోయిన చోట ఒక్క క్షణం ఆగాడు, కాలితో నేల తడిమి మెట్టు దిగాడు. రోజూ చూసే మనిషి. ఆ నడక ఎప్పట్నుంచి అలా ఉందో ఆవిడకి తెలియదు.

ఆ తర్వాత తను చేసిన పనికి ఆవిడ ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు. అక్కడే తాళాలు లాక్కోవాల్సింది. లాక్కోలేదు. ఎవరో అద్దాలమ్ముకునేవాడు ముప్ఫై ఎనిమిదేళ్ళ మొగుడి గురించి తనకి చెప్పడమేమిటన్న రోషం ఒకవైపు, నిజమేమోనన్న భయం ఒకవైపు. చూద్దాం, ఇంటిదాకా నోరు మెదపకుండా కూర్చుంటాను, ఆయన మామూలుగా తోలితే ఆ మాట అబద్ధం అనుకుంది. ఎక్కి కూర్చుంది. అద్దాలాయన ఏదో అనబోయి, వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు.

కారు కదిలింది. ఆయన ఏమన్నాడు వాడు అని అడిగాడు. కొలతలు చూసి చెబుతానన్నాడు అని అబద్ధం చెప్పి ఊరుకుంది. కలప డిపో దాటారు. ఒక ఎర్ర బస్సు ముందు పోతోంది, ఆయన దాని వెనకే, అది ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ పోతున్నాడు. ఆవిడ ఆయన మొహం వైపు చూసింది. తల కాస్త ఎడమకి తిప్పి, కుడికన్ను మాత్రమే ముందుకి పెట్టి చూస్తున్నాడు. కోడి గింజని చూసినట్టు. ఎడమకన్ను ఆవిడ వైపే ఉంది. ఆవిడ చెయ్యి ఎత్తి ఆ కంటి పక్కన మెల్లగా ఆడించింది. రెప్ప కదల్లేదు.

ఏమిటి, నోరు పడిపోయిందా అన్నాడు. తలనొప్పి అంది. మరి కాసేపటికి, బేకరీ దగ్గర జనం ఉన్నారా ఇవాళ అన్నాడు. ఆవిడ పలకలేదు. బడి వదిలే వేళయిందా, పిల్లలేమైనా ఉన్నారా అన్నాడు. ఆ గొంతులో తొందర ఆవిడకి మొదటిసారి వినబడింది. ఏడాదిన్నరగా ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కసారి చెవుల్లో గింగుర్లాడాయి. కుక్క ఏ పక్క పడుకుంది. స్కూటరువాడు వెళ్ళిపోయాడా. రోడ్డు దాటే ఆ మనిషి ముసలిదా, నెమ్మదిగా దాటుతోందా. ముచ్చట్లనుకుంది తను. ఇన్నాళ్ళకి తన మాట వినాలనిపించిందనుకుంది.

చెప్పాలన్నా మాట రాలేదు. ఇంతలో బస్సు నేరుగా వెళ్ళిపోయింది, ఆయన ఎడమకి, తమ రోడ్డులోకి తిప్పాడు. ఎడమవైపు కాలిబాట మీద నుంచి ఒక అమ్మాయి పసిబిడ్డ బండి తోసుకుంటూ రోడ్డు మీదికి దిగింది. ఆవిడకి స్పష్టంగా కనబడింది. నీలం రంగు బండి, పిడికి తగిలించిన సంచి, సంచిలోంచి బయటికొచ్చిన రొట్టె. ఆయన వేగం తగ్గించలేదు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. ఆవిడ చూస్తూనే ఉంది.

“ఆపండి.”

కేక కాదు, గొంతు పెగిలీ పెగలనట్టు వచ్చింది. ఆయన కాలు బ్రేకు మీద పడింది. బంపరుకీ బిడ్డ బండికీ మధ్య జానెడు మిగిలింది. సంచి ఊగి కారుకి తగిలింది, రొట్టె కింద పడింది.

ఇంజను ఆగిపోయింది. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఏముందక్కడ, కుక్కా అని అడగలేదు. స్టీరింగు వదలకుండానే అన్నాడు.

“ఎందుకు చెప్పలేదు?”

ఆ ఒక్క మాటతో ఆవిడకి మిగిలిన అనుమానం కూడా పోయింది. తాళం చెవి తిప్పి, లాగి, తన చేతిసంచిలో వేసుకుంది. తలుపు తీసుకుని దిగింది. ఆ అమ్మాయి అరవలేదు, తిట్టలేదు. బండిని కాలిబాట మీదికి లాక్కుని, అక్కడే చతికిలబడింది. బిడ్డ నిద్రలోనే ఉంది. కర్టెన్లమ్మ పక్కన కూర్చుని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“ఆయనకి మేం కనబడలేదా?” అంది ఆ అమ్మాయి.

“ఆయనకి కనబడలేదమ్మా. నాకు కనబడ్డారు.”

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. లేచి, బండి తిప్పుకుని, వెనక్కి చూడకుండా నడిచి బేకరీ పక్కనున్న మేడమెట్ల దగ్గర ఆగింది. బిడ్డని ఎత్తుకుని పైకి వెళ్ళిపోయింది. కింద పడ్డ రొట్టె తీసుకోలేదు.

కారుని ఆ పక్కనున్నవాళ్ళు తోసి వారగా పెట్టారు. ఇద్దరూ నడిచి ఇంటికి వచ్చారు. ఆయన చెయ్యి అందించలేదు, ఆవిడ అడగలేదు. తమ వీధి మలుపులో ఆయన కాలు గుంటలో పడబోతే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది, అంతే, ఇల్లొచ్చేదాకా వదల్లేదు. గుమ్మంలో ఎదురైన బ్యాంకు గుమాస్తా, ఏమిటండీ కారేదీ, మీ కారుకి కూడా రిపేరా అని నవ్వాడు. ఇద్దరూ ఆగకుండా లోపలికి నడిచారు.

లోపల ఆయన కుర్చీలో కూర్చుని, అడగకుండానే అంతా చెప్పాడు. రెండేళ్ళ కిందట ఎడమకన్ను పక్కనుంచి నల్లబడుతూ వచ్చిందట. రెండోది ఎలాగూ ఉందిగా అనుకున్నాడట. తర్వాత కుడికంటికి పొగ పట్టింది. దీపాల చుట్టూ గుండ్రంగా రంగులు. మొదట నిజంగానే అద్దం మసక అనుకున్నాడు. తర్వాత్తర్వాత కాదని తెలుస్తూనే ఉంది, అయినా తోముతూనే ఉన్నాడు. తోముతుంటే బాగుపడుతుందేమో అనిపించేదట. కొత్త కాలనీల్లో పనులు దూరమని వద్దన్నది దూరం వల్ల కాదు, తెలియని దారులని. సాయంత్రం పనులు మానేసింది మోకాళ్ళ నొప్పికి కాదు. రాడ్లకి రంధ్రాలు ఎక్కడ వెయ్యాలో నువ్వే గుర్తు పెట్టు, నీకైతే లెక్క తప్పదు అన్నది ఆవిడ మీద గౌరవంతో కాదు.

ఒక్కోటీ వింటుంటే ఆవిడకి ఇంట్లో ఒక్కో వస్తువూ జరిగిపోతున్నట్టు ఉంది. తను కాపురం చేసిన ఏడాదిన్నర వేరు, ఆయన చేసింది వేరు.

నాతో చెప్పడానికేం అని అడిగింది. చెబితే కారు తీసేయమంటావు, నువ్వు రాడ్లు మోసుకుంటూ బస్సులెక్కాలి, నేను ఈ కుర్చీలో కూర్చుని చప్పుళ్ళు వినాలి అన్నాడు. ఆ పసిబిడ్డ మన చక్రం కింద పడుంటే ఏం వినేవారు అంది ఆవిడ. ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. అంత పెద్ద మనిషి భుజాలు అలా ఎగిసిపడడం ఆవిడ చూడలేదు. దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేకపోయింది.

మర్నాడు కంటి డాక్టరు దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. ఆ డాక్టరమ్మ పరీక్ష చేస్తూ చేస్తూ, కంట్లో ఏం వేస్తున్నారు అని అడిగింది. ఆయన నసిగాడు. రెండోసారి అడిగితే, తేనె అన్నాడు. రోజూ పొద్దున చుక్క చుక్క, ఏడాదిగా. ఎవరో చెప్పారట, మసక కడిగేస్తుందని. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి కాసేపు ఆయన్నే చూసింది. రోజూ ఆయన పక్కనే పళ్ళు తోముకునే ఆవిడ కూడా చూసింది. ఎప్పుడు వేసుకునేవాడో, సీసా ఎక్కడ దాచేవాడో అంతుపట్టలేదు. తర్వాత కారు డిక్కీలో, జాకీ పక్కన, గ్రీజు గుడ్డలో చుట్టి దొరికింది.

డాక్టరమ్మ చెప్పింది సూటిగానే చెప్పింది. ఎడమకన్ను లోపలి ఒత్తిడికి నరం చచ్చిపోయింది, ఇక రాదు. రెండేళ్ళ కిందట వచ్చుంటే చుక్కల మందుతోనే నిలబడేది. కుడికంటికి శుక్లం, అది తీసేయొచ్చు. అదృష్టం బాగుండి అక్కడి నరం చాలావరకు మిగిలింది, జీవితాంతం మందు వేసుకోవాలి. చూపు వస్తుంది కానీ కారు మాత్రం వద్దు, ఆ మాట కాగితం మీద కూడా రాస్తున్నాను అంది. చుక్కల మందుతోనే నిలబడేది అన్న దగ్గరే ఆయన ఆగిపోయాడు. బయటికొచ్చాక బల్ల మీద కూర్చుని, ఎవరి బండి కారుతున్నా ఇది షెడ్డుదాకానే, తర్వాత సరిగ్గా చేయించుకో అని నేనే చెప్పేవాణ్ణి అన్నాడు. ఆవిడకి జాలీ కోపమూ కలిసి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు.

ఆపరేషన్ అయిన మూడోరోజు కట్టు విప్పారు. ఇంటికొచ్చి ముందుగదిలో నిలబడి ఆయన చుట్టూ చూశాడు. చూసి చూసి కిటికీ మీద ఆయన కన్ను ఆగింది. గడిచిన ఏడాదిలో తనే బిగించిన రాడ్డు, ఒకవైపు బెత్తెడు కిందికి జారి ఉంది. గోడలో తప్పి వేసిన రంధ్రాలు మూడు, వాటిని ఆవిడ సున్నంతో పూడ్చిన గుర్తులు. అన్ని ఇళ్ళల్లోనూ ఇలాగే వేశానా అని అడిగాడు. ఇంతకంటే ఘోరంగా ఉన్నవి కూడా ఉన్నాయి, చాలామంది మొహమాటానికి అనలేదు అంది ఆవిడ. ఆయన అలాగే గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

కారుని అద్దాలాయనే తీసుకున్నాడు. అప్పగించేటప్పుడు చిట్కాలాయన అరగంట సేపు ఆ బండి గుణగణాలన్నీ చెప్పాడు, దేనికేది రుద్దాలో, ఏది పొయ్యాలో. అద్దాలాయన మర్యాదగా విని, నేను షెడ్డుకే ఇస్తానండీ అన్నాడు. అదే మంచిది అన్నాడు చిట్కాలాయన.

ఆ మేడమెట్ల ఇంటికి వెళ్ళాలని ఆయనే అన్నాడు. ఇద్దరూ వెళ్ళారు. తలుపు తీసిన అమ్మాయికి ఆయన తనే చెప్పాడు, నాకు చూపు లేదని తెలిసే తోలాను, పొరపాటు కాదు, తెలిసి చేసింది అని. ఆవిడ కూడా చెప్పింది, నేను చూసి కూడా ఆలస్యం చేశాను అని. లోపల బిడ్డ ఏదో పళ్ళెం మీద గరిటెతో బాదుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ అమ్మాయి లోపలికి రమ్మనలేదు. ఇప్పుడు కూడా రోడ్డు దాటాలంటే నాకు కాళ్ళు రావట్లేదు అంది. సరే, విన్నాను అని తలుపు వేసుకుంది. మెట్లు దిగడానికి వాళ్ళకి చాలాసేపు పట్టింది.

ఇక ఆయన పట్టుబట్టిన పని ఒకటి. ఏడాదిన్నరలో రాడ్లు బిగించిన ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి సరిచెయ్యాలి. ఆవిడ ఆర్డర్ల పుస్తకం తీసి చూస్తే నలభై ఒక్క ఇళ్ళు తేలాయి. వారానికి మూడు చొప్పున బస్సులో బయల్దేరారు. డ్రిల్లు సంచి ఆయన భుజాన, టేపూ మేకుల డబ్బా ఆవిడ చేతిలో. బస్సులో ఆవిడ మాట్లాడేది కాదు. ఇంట్లోనూ అవసరానికే. ఆ గురువారం మూసుకున్న గొంతు పూర్తిగా తెరుచుకోలేదు. చెల్లెలు ఫోను చేసి, ఏమిటే అక్కా, బాగున్నావా, ఇన్ని పొడి మాటలు నీవేనా అని భయపడింది.

తొమ్మిదో ఇల్లో పదో ఇల్లో అయ్యాక, తిరుగు బస్సులో, ఆవిడ కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

“నా మాటలు కళ్ళ కోసమే అడిగారా?”

ఆయన సంచి పట్టీ సర్దుకున్నాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడేమో అనుకుందావిడ.

“కళ్ళ కోసమే,” అన్నాడు.

అనుకున్నదే అయినా ఆవిడకి గుండెలో కలుక్కుమంది. కాదంటాడని ఏ మూలో ఆశ ఉన్నట్టుంది. బస్సు రెండు స్టాపులు దాటింది. ఆయన సంచి ఒళ్ళోకి తీసుకుని, మాటలు కూడదీసుకుంటూ చెప్పాడు. ఆపరేషన్ బల్ల మీద కదలకుండా పడుకోమన్నారట. మొహం మీద గుడ్డ కప్పారు, భయం వేసింది. అప్పుడు ఆ గాజుల కొట్టతను గుర్తొచ్చాడట, రోజూ మధ్యాహ్నం గొడుగు వేసుకుని కుర్చీలోనే నిద్రపోతాడని, ఒకరోజు గొడుగు ఎగిరిపోయినా లేవలేదని ఆవిడ చెప్పినతను. తను ఏనాడూ చూడలేదు. కానీ మొహం, గొడుగు రంగు అంతా కళ్ళకి కట్టినట్టు తెలుసు. అలాంటివి ఒక్కోటీ తలుచుకుంటూ పడుకున్నాను, అయిపోయింది లెమ్మన్నారు అన్నాడు.

ఆవిడ నమ్మిందో లేదో ఆవిడకే తెలియదు. ఏడాదిన్నర పక్కన కూర్చుని అబద్ధం ఆడిన మనిషి. అదే గొంతు, అదే నిదానం.

“ఆ గొడుగు ఏ రంగు?” అంది.

“ఆకుపచ్చ. ఒక పుల్ల విరిగింది.”

నిజమే, విరిగింది. ఎప్పుడు చెప్పిందో తనకి గుర్తే లేదు. ఆ గాజుల కొట్టు దాటాక వచ్చే రెండో స్టాపులోనే మనం దిగాలి, సంచి జాగ్రత్తగా పట్టుకోండి, అక్కడ మెట్టు ఎత్తుగా ఉంటుంది అంది. ఆయన సరేనని లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.